ఇంటి గదిలో పోర్ట్రెయిట్: ముందు రోజు ఫోన్ నుంచి ప్రింట్ ఇచ్చేదాకా

"అక్కా, ఏ కెమెరా కొనమంటావు?" వారానికి ఒకరైనా ఇదే అడుగుతారు. దాని వెంటే ఇంకో ప్రశ్న: "స్టూడియో లేదు, పెద్ద లైట్లు లేవు, ఇంట్లోనే తీస్తావు కదా, అట్లా ఎట్లా వస్తాయి?" మొదటిదానికి జవాబు చిన్నది. ప్రస్తుతానికి ఉన్న కెమెరా చాలు. రెండోది ఫోన్లో చెప్పబోతే అరగంట పడుతోంది. అందుకే ఒకసారి కూర్చుని రాసేస్తున్నాను.

నేను తిరుపతిలో, కొర్లగుంట వైపు, మా ఇంటి ముందు గదిలో ఫోటోలు తీస్తాను. నా దగ్గరికి ఎక్కువగా వచ్చేది చంటిపిల్లల తల్లులు, ఓణీల ఫంక్షన్ ఆడపిల్లలు, కొండ మీద పుట్టువెంట్రుకలు తీయించి దిగొచ్చిన కుటుంబాలు. గంటసేపు ఫోటోలు తీస్తే దాని ముందూ వెనకా నాలుగైదు గంటల పని ఉంటుంది. ఎవరికీ కనిపించని ఆ పని గురించే ఇదంతా.

ఏం కావాలి

- మాన్యువల్ మోడ్ (సెట్టింగులన్నీ మనమే పెట్టుకునే వీలు) ఉన్న ఏదో ఒక కెమెరా, 50 ఎంఎం లెన్స్. ఎఫ్ 1.8 ఉన్న మామూలుది చాలు. ఎఫ్ అంటే లెన్స్ ఎంత తెరుచుకుంటుందో చెప్పే అంకె, అది తగ్గేకొద్దీ ఎక్కువ వెలుగు లోపలికి వస్తుంది.
- 10కి 12 అడుగుల గది, ఒక కిటికీ.
- అంచు లేని పల్చటి తెల్ల పంచె. రంగు అంచు ఉంటే ఆ రంగు ముఖం మీదికి వస్తుంది.
- రెండు తెల్ల థర్మోకోల్ షీట్లు, ఒక నల్ల దుప్పటి.
- వెనక కట్టడానికి ముడతలు పడని ఒకే రంగు బట్ట. బూడిద రంగైతే ఏ చీరకైనా నప్పుతుంది.
- వీపు ఆనించుకోవడానికి వీల్లేని స్టూలు. కుర్చీ ఇస్తే మనిషి వాలిపోతాడు, భుజాలు జారిపోతాయి.
- గ్రే కార్డు (రంగులు సరిచూసుకోవడానికి వాడే బూడిద రంగు అట్ట), బట్టల క్లిప్పులు, పిన్నీసులు, దువ్వెన, టిష్యూలు, గిలక్కాయ.
- రెండు మెమరీ కార్డులు, రెండు బ్యాటరీలు. మన కరెంటు సంగతి తెలిసిందే. ముందు రాత్రే ఛార్జింగ్ పెట్టేయండి.

కెమెరా లేకపోతే ఫోన్‌తోనే మొదలుపెట్టండి. ఒకటే షరతు: మామూలు లెన్స్‌తో దగ్గరికి వెళ్లి తీయొద్దు, ముక్కు పెద్దదై చెవులు వెనక్కి పోతాయి. రెండు అడుగులు వెనక్కి వచ్చి 2 రెట్లు లేదా 3 రెట్ల జూమ్‌లో తీయండి. బ్యూటీ ఫిల్టర్ ఆపేయండి.

1. ముందుగా మీ కిటికీని చదవండి

ఈ మెట్టు దాటవేసి లైట్లు కొన్నవాళ్లు నాకు చాలామంది తెలుసు. ఆ లైట్లు ఇప్పుడు అటక మీద ఉన్నాయి.

ఒక సెలవు రోజు ఇంట్లో ఎవరినైనా బతిమాలి కిటికీ పక్కన స్టూలు మీద కూర్చోబెట్టండి. ఉదయం 7 నుంచి సాయంత్రం 5 దాకా రెండు గంటలకొకసారి, అదే చోట నిలబడి, ఫోన్‌తో ఒక్కో ఫోటో తీయండి. మనిషి దొరక్కపోతే ఒక బిందెకు తువ్వాలు చుట్టి పెట్టినా పని జరుగుతుంది. ఆరు ఫోటోలు పక్కపక్కన పెట్టి చూస్తే మీ గది ఏ వేళకు పనికొస్తుందో తేలిపోతుంది. మా గదికి ఉదయం 9 నుంచి 11.30. ఆ తర్వాత ఎవరు ఎంత ఇస్తామన్నా బుకింగ్ తీసుకోను.

ఉత్తరపు కిటికీ మంచిది. తిరుపతిలో దాన్ని కనుక్కోవడానికి దిక్సూచి అక్కర్లేదు, ఇంచుమించుగా కొండ కనిపించే వైపే ఉత్తరం. చిత్తూరు వాళ్లు పొద్దున సూర్యుడికి ఎదురుగా నిలబడండి, ఎడమ చేతి వైపు ఉత్తరం.

అయితే ఒక హెచ్చరిక. ఉత్తరపు కిటికీలో ఎప్పుడూ ఎండ పడదని మీరు చదివే ఉంటారు. మన దగ్గర అది సగం ఏడాదికే నిజం. మార్చి చివరి నుంచి సెప్టెంబరు చివరి దాకా పొద్దునా సాయంత్రమూ ఎండ ఉత్తరం వైపు నుంచి ఏటవాలుగా వస్తుంది. ఏప్రిల్ చివరి నుంచి ఆగస్టు మధ్య దాకా నడిమధ్యాహ్నపు సూర్యుడు కూడా మనకు కాస్త ఉత్తరంగానే ఉంటాడు. కిటికీ మీద సజ్జా ఉంటే ఆ మధ్యాహ్నపు ఎండను అది ఆపుతుంది, పొద్దుటి ఎండను మాత్రం ఆపలేదు. కాబట్టి జనవరిలో చేసిన పరీక్షను జూన్‌లో మళ్లీ చేయండి.

ఎండ నేరుగా పడే కిటికీ అయితే పంచెను అడ్డంగా, బిగుతుగా కట్టండి. అప్పుడు ఇనుప గ్రిల్ నీడ కూడా ముఖం మీద చారలుగా పడదు. దోమల మెష్ ఉంటే తీసేయండి. అది వెలుగును తినేస్తుంది, ఆకుపచ్చదైతే రంగు కూడా కలుపుతుంది.

సరిగ్గా ఉందో లేదో ఇలా చూడండి: తల ఉండే ఎత్తులో మీ పిడికిలి పెట్టి మెల్లగా తిప్పండి. వేళ్ల మధ్య నీడ అంచు కత్తితో కోసినట్టుంటే ఇంకో మడత బట్ట కావాలి. అసలు నీడే కనిపించకపోతే కిటికీకి మరీ దూరంలో ఉన్నారు. వెలుగు మెల్లగా నీడలోకి కరిగితే అదే మీ చోటు.

2. గదిలో రంగులు దాచేయండి

"ముఖం పచ్చగా వస్తోందక్కా, కెమెరా పాడైనట్టుంది" అంటారు. కెమెరాకు ఏమీ కాలేదు. మీ గోడకు లేత ఆకుపచ్చ రంగు వేశారు. మనిషికి మూడడుగుల దూరంలో ఉన్న ప్రతి రంగు గోడా, ఎర్ర గచ్చూ, మంచం మీది దుప్పటీ ముఖం మీద తన రంగు చల్లుతుంది. కిటికీకి ఎదురు గోడను తెల్ల దుప్పటితో కప్పండి, కింద తెల్ల గుడ్డ పరవండి.

ఇరుకు సందుల్లో ఇంకో తిప్పలు ఉంది. ఎదురింటి గోడ కాషాయమో గులాబీయో అయి, దాని మీద ఎండ పడిందంటే మీ కిటికీలోంచి వచ్చేది ఆ రంగే. మా ఎదురింటివాళ్లు రెండేళ్ల కింద నారింజ రంగు వేయించారు. ఆ నెలంతా నా ఫోటోల్లో అందరికీ కామెర్ల వైద్యం చేయించాల్సినట్టుంది. కారణం తెలియడానికి నాకు మూడు వారాలు పట్టింది. పంచె దీన్ని ఆపదు. అలాంటప్పుడు ఎదురు గోడ నీడలో ఉండే వేళకు మారండి.

ఇక ట్యూబ్‌లైటు, బల్బు అన్నీ ఆపేయండి. కిటికీ వెలుగూ బల్బు వెలుగూ కలిస్తే ముఖం ఒకవైపు నీలం, ఒకవైపు పసుపు. ఏ సాఫ్ట్‌వేర్‌లోనూ దాన్ని సులువుగా విడదీయలేరు. ట్యూబ్‌లైటు తప్పదనుకుంటే షట్టర్ (ఫోటోకు వెలుగు పడే సమయం) సెకనులో 1/100 దగ్గర పెట్టండి. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి అంతకన్నా వేగంగా తీస్తే ఫోటోలో అడ్డ చారలు రావచ్చు.

3. ముందు రోజు సాయంత్రం ఫోన్ చేయండి

అయిదు నిమిషాల మాట. అడగాల్సినవి: ఎంతమంది వస్తున్నారు, పిల్లల వయసు, వాళ్లు నిద్రపోయే వేళ. పిల్ల నిద్రపోయే టైముకు బుకింగ్ పెడితే ఇక మీకు దేవుడే దిక్కు.

చెప్పాల్సినవి: సన్న గళ్ల చొక్కాలు వద్దు, స్క్రీన్ మీద ఆ గళ్లు అలలు అలలుగా కదులుతాయి. కొత్త బట్టలైతే ఒకసారి తొడిగి చూడండి, బిగుతుగా ఉంటే పిల్లలు ఏడుస్తారు. నగలు ఇంటి దగ్గరే పెట్టుకుని రండి. ఇక్కడికి వచ్చాక పెట్టుకుంటే అరగంట, ఆ అరగంటలో మంచి వెలుగు వెళ్లిపోతుంది.

డబ్బు సంగతి కూడా ఇప్పుడే. ఎన్ని ఫోటోలు, ఎన్ని ప్రింట్లు, ఎప్పటికి, ఎంత అన్నది వాట్సాప్‌లో ఒక మెసేజ్‌గా రాసి పంపి, సగం అడ్వాన్సు తీసుకోండి. తెలిసినవాళ్ల దగ్గర మొహమాటపడి నోటిమాటతో సరిపెట్టుకుంటే తర్వాత మాట పడేది మీరే.

శ్రీకాళహస్తి కలంకారీ బట్ట వెనక కట్టమని కొందరు అడుగుతారు. నాకైతే అది భుజం మీద దుపట్టాగా ఉంటేనే అందం. వెనక కడితే అందరి కళ్లూ ముఖాన్ని వదిలేసి అందులోని బొమ్మల వైపు పోతాయి.

4. దూరాలు

కిటికీ నుంచి మనిషికి 2 నుంచి 3 అడుగులు. మనిషి నుంచి వెనక బట్టకు కనీసం 4 అడుగులు. కెమెరా నుంచి మనిషికి 6 అడుగులు. కిటికీ ఉన్న గోడ వెంట ఈ వరస పెట్టుకుంటే మీరు నిలబడే చోటుతో కలిపి 12 అడుగులు సరిపోతాయి. గది ఇంకా చిన్నదైతే తలుపు తీసి వరండాలోంచి తీయండి. నేను మొదటి ఏడాదంతా వంటింటి గుమ్మంలో నిలబడే తీశాను.

ముఖం నేరుగా కిటికీ వైపూ వద్దు, పూర్తిగా కెమెరా వైపూ వద్దు. రెండిటికీ మధ్య తిప్పండి. నీడ పడిన చెంప మరీ చీకటైతే ఆ వైపు థర్మోకోల్ షీటు పెట్టి, నీడలోని కన్ను కనిపించే దాకా దగ్గరికి జరపండి, అక్కడ ఆపండి. ఇంకా జరిపితే ముఖం అప్పడంలా చదునైపోతుంది. ముఖం గుండ్రంగా ఉన్నవాళ్లకు షీటు తీసేసి ఆ వైపు నల్ల దుప్పటి కడితే చెంప సన్నబడుతుంది.

పట్టుచీర జరీకి వెలుగు పక్కనుంచే రావాలి. ముందు నుంచి వస్తే జరీ తెల్లగా పేలిపోతుంది, అంటే నేత కనిపించక ఉత్త తెలుపే మిగులుతుంది.

కళ్లద్దాల్లో కిటికీ కనిపిస్తుంటే గడ్డం కొద్దిగా దించమనండి, లేదా అద్దాల కాడలు చెవుల మీద చిటికెడు పైకి ఎత్తండి. కళ్లద్దాలు తీసేయమనకండి. రోజూ పెట్టుకునేవాళ్లు అవి లేకుండా తమ ఫోటోను తామే గుర్తుపట్టరు.

5. కెమెరా సెట్టింగులు

ఒక్కరైతే ఎఫ్ 2.8. తల్లీబిడ్డా అయితే ఎఫ్ 4. ముగ్గురికి ఎఫ్ 5.6, ముగ్గురి ముఖాలూ ఒకే దూరంలో ఉండేలా కూర్చోబెట్టండి. షట్టర్ పెద్దవాళ్లకు 1/125, పిల్లలకు 1/250. వెలుగు చాలకపోతే ఐఎస్ఓ (కెమెరా వెలుగును ఎంత సున్నితంగా పట్టుకోవాలో చెప్పే అంకె) పెంచండి, 1600 దాకా భయం లేదు. దానివల్ల సన్న చుక్కలు పడ్డ ఫోటోను ప్రింట్ చేయొచ్చు, కదిలిన ఫోటోను ఎవరూ బాగు చేయలేరు. రా ఫైల్‌లో (కెమెరా పట్టినదంతా కుదించకుండా ఉంచే ఫైలు) తీయండి.

ఫోకస్ కెమెరాకు దగ్గరగా ఉన్న కంటి మీద. 50 ఎంఎం లెన్స్‌ను ఎఫ్ 1.8 దగ్గర పెట్టి "వెనక ఎంత బ్లర్ వచ్చిందో" అని మురిసిపోవడం అందరూ చేసే తప్పే, నేనూ చేశాను. ఒక కన్ను స్పష్టంగా ఉండి రెండోది మసకగా ఉంటుంది. కెమెరా చిన్న స్క్రీన్ మీద అది తెలియదు, ప్రింట్‌లో తెలుస్తుంది.

మొదటి ఫోటో గ్రే కార్డు పట్టుకున్నదై ఉండాలి. తర్వాత ఎడిటింగ్‌లో దాని మీద ఒక్క క్లిక్‌తో వైట్ బ్యాలెన్స్ కుదురుతుంది, అంటే తెలుపు తెలుపుగా కనిపించేలా రంగులన్నీ సరవుతాయి. కార్డు లేకపోతే తెల్ల కాగితంతో సర్దుకోవచ్చు కానీ చాలా కాగితాలకు నీలి మెరుపు కలుపుతారు, ముఖాలు కొంచెం పసుపుగా వస్తాయి.

6. గుండూ, చందనమూ, వేషాలూ

ఇది వేరే ఊరివాళ్లు ఎవరూ చెప్పరు, ఎందుకంటే వాళ్లకు ఈ అవసరం రాదు.

గుండు చేయించి చందనం పూసిన బిడ్డ ఫోటోలో తల తెల్లటి బంతిలా, ముఖం చీకటిగా వస్తోందని ఎంతమంది తల్లులు చూపించారో. చందనం చర్మం కన్నా ఎక్కువ వెలుగును వెనక్కి పంపుతుంది. పైగా వెనక బట్ట ముదురు రంగైతే కెమెరా ఆ నలుపును చూసి మొత్తం ఫోటోను వెలిగిస్తుంది. ముందుగా పేలిపోయేది చందనమే.

చేయాల్సింది వరసగా చెబుతాను. చందనం పూర్తిగా ఆరనివ్వండి, తడి చందనం మెరుస్తుంది. ఆరడానికి పట్టే టైములో బిడ్డకు పాలు పట్టించండి, ఎలాగూ కొండ దిగి అలసిపోయి వస్తుంది. కిటికీ వెలుగు నడినెత్తికి కాక ముఖానికి తగిలేలా తల్లి ఒడిలో కూర్చోబెట్టండి. ఎక్స్‌పోజర్ (ఫోటో ఎంత వెలుగుగా రావాలన్న సెట్టింగు) మైనస్ 0.7 దగ్గర ఒకటి తీసి, హైలైట్ వార్నింగ్ (పేలిపోయిన చోట్లను స్క్రీన్ మీద మిణుకుమనిపించే సెట్టింగు) పెట్టి చూడండి. తల మీద నల్లగా మిణుకుమిణుకుమంటుంటే ఇంకా తగ్గించండి. ముఖం చీకటి పడితే కింది నుంచి, తల్లి మోకాళ్ల మీద, థర్మోకోల్ ముక్క పెట్టండి. ఎడిటింగ్‌లో ముఖాన్ని కొంచెం ఎత్తవచ్చు. పేలిపోయిన చందనాన్ని మాత్రం తిరిగి తేలేరు.

చందనం పూయకపోయినా చిక్కే. నిన్నటిదాకా జుట్టు కింద ఉన్న చర్మం ముఖం కన్నా తెల్లగా ఉంటుంది. ఆ తేడాను పూర్తిగా చెరపకండి, కొత్త గుండు అంటే అట్లాగే ఉంటుంది. తల మీద కత్తి గాట్లు ఉండొచ్చు, మీరు తుడవకండి. ఏ పనైనా తల్లితోనే చేయించండి.

మే నెలలో తాతయ్యగుంట గంగమ్మ జాతర రోజుల్లో పిల్లలకు వేషాలు కట్టి తీసుకొస్తారు. అప్పుడు ఇదే లెక్క రెండు వైపులా పనిచేస్తుంది. బైరాగి వేషంలో ఒళ్లంతా తెల్ల సుద్ద, దాన్ని చూసి కెమెరా ఫోటోను చీకటి చేస్తుంది, ప్లస్ 0.7 పెట్టాలి. తోటి వేషంలో ఒళ్లంతా బొగ్గు, దాన్ని బూడిద రంగుకు లాగుతుంది, మైనస్ 0.7 పెట్టాలి. బొగ్గు వేషానికి వెనక నల్ల బట్ట కట్టి, "పిల్లాడు ఏడీ?" అని వాళ్ల నాన్నతో అనిపించుకున్నాను ఒకసారి.

7. ఆ గంట

మాట్లాడుతూ ఉండండి. "నవ్వండి" అని మాత్రం అనకండి, ఆ మాటకు వచ్చేది నవ్వు కాదు, పళ్లు. ఓణీల పిల్లను తన స్నేహితురాలి గురించి అడగండి. తాతను ఆయన చేసిన ఉద్యోగం గురించి అడగండి. చంటిపిల్లలకు మీ తల పక్కన ఎవరినైనా గిలక్కాయ ఆడించమనండి, మీ వెనక మూలన కాదు. బిడ్డ పక్కన చేయి చాపితే అందేంత దూరంలో ఎప్పుడూ ఒక పెద్ద మనిషి ఉండాలి.

పది ఫోటోలకొకసారి ఆగి, జూమ్ చేసి కళ్లు చూడండి. కంటి పాపలో కిటికీ చిన్న తెల్ల మెరుపుగా కనిపించాలి. అది లేకపోతే గడ్డం కొంచెం ఎత్తించండి.

8. కార్డు ఖాళీ చేయడం

వాళ్లు గేటు దాటక ముందే కార్డు తీసి కంప్యూటర్‌లోకి, తర్వాత వేరే హార్డ్‌డిస్క్‌లోకి కాపీ చేయండి. రెండు చోట్లా ఫైళ్ల సంఖ్య లెక్కపెట్టి, మొదటిదీ చివరిదీ తెరిచి చూశాకే ఫార్మాట్.

ఒకసారి బారసాల ఫోటోల కార్డు కాపీ అయిందనుకుని ఫార్మాట్ కొట్టాను. ఫోల్డర్‌లో చూస్తే సగమే ఉన్నాయి. ఆ రాత్రి టెన్షన్ ఎవరికీ వద్దు. ఫార్మాట్ అయ్యాక ఆ కార్డులో కొత్తగా ఒక్క ఫోటో కూడా తీయలేదు గనక రికవరీ సాఫ్ట్‌వేర్‌తో చాలావరకు వెనక్కి వచ్చాయి. మీకూ అలా జరిగితే వెంటనే కార్డు బయటికి తీసి పక్కన పెట్టండి.

కార్డు తీశాక కెమెరా, లెన్స్ కూడా సర్దేయండి. నవంబరు వానలకు లెన్స్‌లో బూజు పడుతుంది. గాలి చొరబడని ప్లాస్టిక్ డబ్బా, అందులో సిలికా జెల్, అంతే.

9. ఏరడం, ఎడిటింగ్

రెండు వందల్లో ఇరవై ఉంచండి. మొదట కళ్లు మూసినవి, కదిలినవి తీసేయండి. మిగిలినవి రేపు చూడండి, ఈరోజు మీ కంటికి అన్నీ బాగానే ఉంటాయి.

ఎడిటింగ్‌లో నాది ఒకటే నియమం: వారంలో పోయేది తీసేస్తాను, పోనిది ఉంచుతాను. మొటిమ పోతుంది, కాటుక మరక పోతుంది. పుట్టుమచ్చ ఉండాలి, చామనఛాయ ఉండాలి. "కొంచెం తెల్లగా చేయండి" అని అడుగుతారు, అడగకుండా ఉండరు. నేను వెలుగు కొంచెం పెంచి, రంగు ముట్టుకోకుండా చూపిస్తాను. పదిమందిలో తొమ్మిదిమందికి అదే నచ్చుతుంది. పట్టుబట్టేవాళ్లకు ముఖాన్నీ చేతుల్నీ పక్కపక్కన చూపించండి. ముఖం ఒకరిది, చేతులు ఇంకొకరివి అన్నట్టు ఉంటుంది, ఇక అడగరు.

కుంకుమ బొట్టు, ఎర్ర పట్టుచీర విషయంలో జాగ్రత్త. రంగు తీవ్రత పెంచితే ఎరుపులో మడతలు, నేత అన్నీ పోయి ఒకే ముద్ద మిగులుతుంది.

10. ప్రింట్

నా మొదటి పెద్ద ప్రింట్లు నల్లగా వచ్చాయి. ల్యాబ్‌కు వెళ్లి గొడవ పెట్టుకున్నాను. వాళ్లు ఏమీ అనకుండా నా ఫైలు వాళ్ల స్క్రీన్ మీద తెరిచి చూపించారు, అక్కడా నల్లగానే ఉంది. తప్పు నాదే. నా స్క్రీన్ వెలుగు పూర్తిగా పెంచి పెట్టుకుని ఎడిట్ చేశాను. ఎడిటింగ్ చేసే చోట స్క్రీన్ పక్కన ఒక తెల్ల కాగితం పెట్టుకోండి. స్క్రీన్ మీది తెలుపు కాగితం కన్నా దీపంలా వెలుగుతుంటే తగ్గించండి.

12కి 18 అంగుళాల ప్రింట్‌కు, అంగుళానికి 300 చుక్కల చొప్పున, 3600కి 5400 పిక్సెళ్లు కావాలి. 24 మెగాపిక్సెల్ కెమెరాకు సరిపోతుంది, మీరు ఎక్కువగా కత్తిరించకపోతే. ఫైలు ఎస్ఆర్‌జీబీలో (మామూలుగా అందరూ వాడే రంగుల పద్ధతి) ఇవ్వండి. ముందు 4కి 6 సైజులో ఒకటి తీయించి చూసుకోండి, దానికయ్యే ఖర్చు ఎంత గనక. ఆ ప్రింట్‌ను ట్యూబ్‌లైటు కింద కాదు, పగలు కిటికీ దగ్గర చూడండి. జుట్టులో పోగులు విడివిడిగా కనిపించాలి, తెల్ల చొక్కాలో మడతలు కనిపించాలి. రెండూ ఉంటే పెద్దది ఆర్డర్ ఇవ్వండి.

11. ఇవ్వడం

వాట్సాప్‌లో ఫోటోగా పంపితే నాణ్యత తగ్గుతుంది. డాక్యుమెంట్‌గా పంపండి, లేదా డ్రైవ్ లింక్ ఇవ్వండి. లింక్ ఎన్నాళ్లుంటుందో కూడా చెప్పండి.

చాలామంది ఫోటోగ్రాఫర్లకే తెలియనిది ఒకటి: డబ్బు ఇచ్చి తీయించుకున్న పోర్ట్రెయిట్ మీద, వేరే ఒప్పందం లేకపోతే, కాపీరైట్ తీయించుకున్నవాళ్లదే. 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్‌లో ఉంది. "నేను తీశాను కాబట్టి నాది" అని వాళ్ల బిడ్డ ఫోటో మీ ఇన్‌స్టాలో పెట్టకండి. బుకింగ్ మెసేజ్‌లోనే "మీ ఫోటోల్లో ఒకటి నా పేజీలో పెట్టుకోవచ్చా?" అని ఒక లైను చేర్చండి. వద్దంటే వద్దు. నా దగ్గర సగం మంది వద్దంటారు. నా పేజీలో ఎక్కువగా మా అమ్మాయి ఫోటోలే కనిపించడానికి కారణం అదే.